పుట్టింటి లెక్క

నా భార్య సుంతలీ కువైట్ వెళ్లలేదు. మా గ్రామ పాలిక వారి లెక్క అది. వెళ్లలేదు కాబట్టి తిరిగి రాలేదు. తిరిగి రాలేదు కాబట్టి ఆమె నడుము అక్కడ విరగలేదు. ఆ లెక్క మీద పథకం కట్టారు. నా భార్య చచ్చిపోయింది. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

ఆమె వెళ్లిన దారి మా వార్డులో ప్రతి ఇంటికీ తెలుసు. గల్ఫ్ దేశాల్లో ఇంటిపనికి ఆడవాళ్లు వెళ్లకూడదని ఖాట్మండులో నిషేధం పెట్టారు. ఆడవాళ్లు ఆగలేదు. వాళ్లను లెక్కపెట్టడం ఆగింది. మన విమానాశ్రయంలో పట్టుకుంటారని బస్సెక్కి సరిహద్దు దాటి, ఢిల్లీ చేరి, అక్కణ్ణుంచి వెళ్లేవాళ్లు. ఊళ్లో ఎవరైనా అడిగితే "పుట్టింటికి వెళ్లింది" అని చెప్పాలి. పోలీసు అడిగినా అదే, బడిపంతులు అడిగినా అదే. మా తామాంగుల్లో పెళ్లయినా ఆడది పుట్టింటి మనిషే. నెలల తరబడి అక్కడే ఉన్నా ఎవరూ వింతగా చూడరు. అందుకే ఆ అబద్ధం చక్కగా అతికింది. కొన్నాళ్లకు అది సారా కొట్టు దగ్గర వేళాకోళంగా కూడా మారింది. "మీ ఆవిడ పుట్టింట్లో ఒంటెలున్నాయటగా" అనేవాళ్లు. నవ్వేవాళ్లు. నవ్వినవాళ్ల పెళ్లాలు కూడా అదే పుట్టింట్లో ఉండేవాళ్లు.

మా పొలం కొండచరియ కింద పోయిన ఏడు సుంతలీ వెళ్లింది. దారి చూపింది ఆమె సొంత అన్న సంచమాన్. మాది మేనరికం. సంచమాన్ నా మేనమామ కొడుకు, పైగా నా భార్యకు అన్న, ఎటు చూసినా నాకు బావే. ఢిల్లీలో గది, అక్కడ కలవాల్సిన మనిషి, అన్నీ అతనే చూశాడు. మా చుట్టుపక్కల ఆడవాళ్లను చాలామందిని అతనే పంపాడు. తర్వాత ఆ పని మానేసి వార్డు కమిటీలో సభ్యుడయ్యాడు. ఇస్త్రీ చొక్కాలు వేయడం మొదలుపెట్టాడు.

కువైట్‌లో జహ్రా అనే చోట ఒక పెద్ద ఇంట్లో సుంతలీ పనిచేసింది. పై అంతస్తు కిటికీ అద్దాలను బయటి వైపు నుంచి తుడవమన్నారు. పడిపోయింది. పడ్డ మనిషి చేత మళ్లీ పని చేయించారు. పాస్‌పోర్టు ఇవ్వలేదు. చివరికి పారిపోయి మన రాయబార కార్యాలయానికి చేరితే వాళ్లు విమానం ఎక్కించి పంపారు. వచ్చినప్పుడు కర్ర పట్టుకుని నడిచేది. చలికాలం దాటేసరికి కర్ర కూడా చాలలేదు. విరిగిన ఎముక నరాన్ని నొక్కుతోందని చౌతారా ఆసుపత్రి డాక్టరు చెప్పాడు. ఖాట్మండులో కోసి సరిచేయకపోతే కాళ్లు పూర్తిగా పోతాయి, ఆ తర్వాత లోపలి అవయవాలు పాడవుతాయి, తొందరగా తీసుకెళ్లు అన్నాడు. డబ్బు సంగతి నేను రాయను. లేదు, అంతే.

వానలు పట్టుకున్నాక పాలిక నుంచి కబురొచ్చింది. పరాయి దేశాల నుంచి తిరిగొచ్చినవాళ్లు ఎందరు, ఏ పని నేర్చుకుని వచ్చారు, ఏ దెబ్బతో ఏ జబ్బుతో వచ్చారు, ఇవన్నీ ఇంటింటా అడిగి రాసుకుంటారట. ఆ లెక్క చూసి ఎవరికేం చేయాలో నిర్ణయిస్తారట. దెబ్బలు తగిలి వచ్చినవాళ్లను పాలిక బండిలోనే ఖాట్మండు పెద్దాసుపత్రికి తీసుకెళ్లి, ఖర్చంతా పెట్టుకుని బాగుచేయించి తెస్తారట. ఆ చివరి మాట విన్న రోజున సుంతలీ జుట్టు దువ్వించుకుంది. ఖాట్మండు ఆసుపత్రిలో రాగి సంకటి పెడతారా, అన్నమే పెడతారా అని అడిగింది.

వాళ్లు మా ఇంటికి వచ్చినప్పుడు నేను లేను. మొక్కజొన్న మొదళ్ల మధ్య రాగి నారు నాటుతున్నాను. కాళ్లకు పట్టిన జలగలు పీక్కుంటూ ఇంటికి వచ్చేసరికి సుంతలీ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. మేనరికం కాబట్టి తనూ నన్ను బావా అనే పిలిచేది.

"వచ్చారా?" అన్నాను.

"వచ్చారు బావా. రాసుకున్నారు కూడా. అన్నే చెప్పాడు."

"ఏమని?"

ఆమె ఇటు తిరగలేదు. "నేను తన ఇంట్లోనే ఉన్నానని. పేడ గంప మోస్తూ జారిపడ్డానట."

"నీ నోరేమైంది మరి?"

"అన్న ఎదురుగా కూర్చున్నాడు. ఆ అమ్మాయి నన్ను అడగలేదు. అన్న చెబుతుంటే ఫోనులాంటి పలక మీద వేలితో నొక్కుకుంటూ పోయింది. లేచేటప్పుడు మాత్రం, ఒళ్లు జాగ్రత్త అక్కా అంది."

లెక్క రాయడానికి వచ్చిన ఆమె పేరు రశ్మిలా. ఖాట్మండు నెవారీల పిల్ల, పాలిక జీతం మీద వచ్చింది. మా కొండ దారులు తెలియవు కాబట్టి వెంట ఒక స్థానికుడు ఉండాలని నియమం పెట్టుకున్నారు. వార్డు కమిటీ సంచమాన్‌ని పంపింది. ఇంటింటికీ అతనే తీసుకెళ్లాడు, ప్రతి ఇంట్లోనూ అతనే ముందు కూర్చున్నాడు. దొంగను వెంటబెట్టుకుని దొంగతనం లెక్క రాశారు. అతని ముందు ఏ ఇంటివాళ్లు నోరు విప్పుతారు? పైగా ఏళ్ల తరబడి అలవాటైన మాట. పెళ్లికి ఎదిగిన కూతుళ్లున్న ఇళ్లు. అడిగిన ప్రతిచోటా ఆడవాళ్లు పుట్టింట్లోనే ఉన్నారు.

ఆ సాయంత్రమే సంచమాన్ ఇంటికి వెళ్లాను. అతను అరుగు మీద వేయించిన మొక్కజొన్న గింజలు, సోయా గింజలు కలుపుకుని తింటున్నాడు. నాకూ పెట్టబోయాడు. నేను ముట్టలేదు. మాట మార్చి చెప్పమన్నాను. అతను చాలాసేపు నచ్చజెప్పాడు. చెల్లెలి మీద తనకు లేదా ప్రేమ అన్నాడు. నిషేధం ఇంకా ఉంది అన్నాడు.

"చెల్లెలు వెళ్లిందని చెప్పగానే, ఎవరు పంపారని అడుగుతారు బావా. రెండో ప్రశ్న అదే. నన్ను జైల్లో వేస్తే నీకేం వస్తుంది?"

"దాని నడుము నిలబడుతుంది," అన్నాను.

"అంత తొందరపడకు. ఇంకో దారి చూస్తాలే."

"నువ్వు చూసిన దారి ఒకటి చాలు."

అతను గింజలు నములుతూనే ఉన్నాడు. నేను వచ్చేశాను. ఆ తర్వాత అతణ్ణి బావా అని పిలవలేదు.

లెక్కలు తేలాక వార్డు ఆఫీసులో సభ పెట్టారు. సుంతలీని వీపు బుట్టలో కూర్చోబెట్టి, పట్టీ నుదుటికి తగిలించుకుని మోసుకుపోయాను. బుట్టకు ఒక పక్క కోసి కాళ్లు వేలాడే వీలు చేశాను. ఆ కాళ్లు నడుస్తున్నంతసేపూ నా తొడలకు తగులుతూ ఉన్నాయి. తగులుతున్నట్టు ఆమెకు తెలియదు.

గోడ మీద తెర కట్టి మా వార్డు పటం వేశారు. తిరిగొచ్చిన మగవాళ్లకు నీలం చుక్కలు, ఆడవాళ్లకు గులాబీ చుక్కలు. పక్క వార్డుల్లో అక్కడొకటి ఇక్కడొకటి గులాబీ చుక్క ఉంది. మా వార్డు మొత్తం నీలం. వార్డు అధ్యక్షుడు లేచి, మా ఆడపడుచులు ఇల్లు విడిచి పోలేదు, మాకది గర్వకారణం అన్నాడు. చప్పట్లు కొట్టారు. కొట్టినవాళ్లలో బుద్ధిమాయా మొగుడు ఉన్నాడు. బుద్ధిమాయా మా ఎదురింటి మనిషి. కువైట్‌లోనే పనిచేసి వచ్చింది. ఇస్త్రీపెట్టె వాత ఆమె ముంజేతి మీద ఇప్పటికీ ఉంది. ఆమె కూడా గోడ వారన శాలువా నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. అలా నిలబడ్డవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. వాళ్లెవరూ తెర వైపు చూడలేదు.

తర్వాత పథకం చదివారు. ఖతర్‌లో కరెంటు పని చేసినవాళ్లకు పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తారు. మలేషియా నుంచి వచ్చినవాళ్లకు మేకలు. దెబ్బలతో వచ్చినవాళ్లకు ఆసుపత్రి బండి. పేర్లు చదివారు. అన్నీ మగ పేర్లే.

నేను బుట్ట దించి, లేచి, నా భార్య పేరు లేదన్నాను. ఎక్కడికి వెళ్లిందో, ఎక్కడ పడిందో చెప్పాను. రశ్మిలా మేడమ్ పలక తెరిచి చూసింది. మొహంలో రంగు మారింది. ఆమె తెలివితక్కువది కాదు. సుంతలీ దగ్గరికి వచ్చి మోకాళ్ల మీద కూర్చుని, నిజమేనా అక్కా అని అడిగింది. సుంతలీ నిజమే అంది. నాలుగు ముక్కలు అరబ్బీలో మాట్లాడి చూపించింది. నీళ్లు తే, నోరు మూసుకో, ఇంకా ఏవో. ఇంటిపనిలో నేర్చుకునే మాటలు.

"నేను నమ్ముతున్నాను అన్నగారూ," అంది మేడమ్ నాతో. "కానీ నేను నమ్మానని రాయడానికి ఇందులో చోటు లేదు. పథకం చదివేశాక అందరూ మేమూ వెళ్లొచ్చామంటారని ముందే నియమం పెట్టారు. పాస్‌పోర్టు కావాలి, లేదా బయటి దేశంలో పనికి సర్కారు ఇచ్చే శ్రమ పర్మిట్ కావాలి."

రెండూ లేవని చెప్పాను. పర్మిట్ ఇచ్చేవాళ్లయితే ఢిల్లీ గుండా ఎందుకు పోతుందన్నాను.

ఆమె పలక మీద మళ్లీ వేలు జరిపింది. "ఇంకొకటుంది. ఆ ఏళ్లలో ఎవరింట్లో ఉందని రాశామో, ఆ ఇంటి మనిషి లేదని చెబితే చాలు. ఆ పాత మాట కొట్టేసి కొత్తది రాయొచ్చు." సంచమాన్ వైపు తిరిగింది. "మీ చెల్లెలు మీ ఇంట్లో లేదని ఒక్క మాట చెప్పండి. ఇప్పుడే మారుస్తాను. బండిలో చోటు నేను చూసుకుంటాను."

సంచమాన్ అధ్యక్షుడి వైపు చూశాడు. అధ్యక్షుడు తెర వైపు చూస్తున్నాడు. గదిలో అందరికీ నిజం తెలుసు.

అప్పుడు బుట్టలోంచి సుంతలీ మెల్లగా అంది, "అన్నా, నేను నీ ఇంట్లో ఉంటే ఏ మూల పడుకునేదాన్ని?"

"పొయ్యి పక్కన," అన్నాడు సంచమాన్.

"పొయ్యి తీసేయించావు కదా అన్నా. నేను వెళ్లిన ఏడే గ్యాస్ పెట్టించావు."

అతను తడబడ్డాడు. "అయితే గ్యాస్ బండ పక్కన," అన్నాడు.

ఎవరో నవ్వారు. ఆ నవ్వు గదంతా పాకింది. కొందరు బెరుకుగా నవ్వారు, కొందరు గట్టిగానే నవ్వారు. అధ్యక్షుడు కూడా నవ్వి, ఇది అన్నాచెల్లెళ్ల గొడవ, ఇంటి దగ్గర తేల్చుకుంటారులే, మేకల సంగతి చూద్దాం అన్నాడు. మేడమ్ పలక మూసింది.

నేను బుట్ట ఎత్తుకున్నాను. దారిలో సగం దూరం వచ్చాక సుంతలీ నా చెవి వెనక నుంచి అంది, "అన్న నవ్వలేదు బావా. నేను చూశాను."

నేను నడుస్తూనే ఉన్నాను. అది నాకు సంబంధించిన విషయం కాదు.

ఆసుపత్రి బండి మగవాళ్లను ఎక్కించుకుని వెళ్లింది. సౌదీలో పన్ను విరిగినవాడొకడు కూడా ఎక్కాడు. వాడు పెట్టుడు పన్ను పెట్టించుకుని వచ్చాడు, ఇప్పటికీ దాంతోనే మొక్కజొన్న పొత్తులు కొరుకుతున్నాడు. వాళ్లు తిరిగొచ్చేసరికి సుంతలీకి మూత్రం కట్టేసింది. జ్వరం పట్టుకుంది. చౌతారాకైనా చేరుద్దామని బుట్టలో పెట్టుకుని బయలుదేరాను. బలేఫీ నది పైన రోడ్డు తెగిపోయింది. ఆ ఒడ్డున బస్సు కనబడుతోంది, మధ్యలో బురద దూకుతోంది. వెనక్కి తెచ్చాను. జ్వరంలో ఆమె నాతో మా భాషలో కాకుండా అరబ్బీలో మాట్లాడింది. వస్తున్నాను అమ్మగారూ, వస్తున్నాను అన్నట్టు ఉంది ఆ గొంతు. కంకులు గింజ పట్టిన రోజుల్లో పోయింది.

మాకు చావు తర్వాత ఘేవా చేయాలి. దహనం ముందే అయిపోతుంది, అది ఒంటికి. ఘేవా ప్రాణానికి. చనిపోయిన మనిషి బట్టలతో బొమ్మ కట్టి నిలబెడతారు. మా ఊరి లామా తాత పద్ధతి ఏమిటంటే, ఆ మనిషి బతికిన చోట్లన్నిటి పేర్లూ పలికి, ఒక్కొక్క చోటి నుంచీ ప్రాణాన్ని పిలిచి ఆ బొమ్మలోకి తెస్తాడు. ఆ తర్వాతే పై దారి చూపిస్తాడు. ఒక్క చోటు వదిలేసినా ప్రాణంలో కొంత అక్కడే ఉండిపోతుంది. ఆకలి వేసినప్పుడు తిరిగి వస్తుంది. పోయింది ఆడదైతే మొగుడింటికి రాదు, పుట్టింటికి వస్తుంది. అందుకని పేర్లు చెప్పాల్సింది పుట్టింటి మగవాడు. ఎప్పటి నుంచో అంతే.

సంచమాన్ వచ్చాడు. రాక తప్పదు. ఇస్త్రీ చొక్కా విప్పి, తెల్ల కండువా పట్టుకుని బొమ్మ ముందు కూర్చున్నాడు. వాకిలి నిండా జనం. సభలో నవ్వినవాళ్లందరూ అన్నం తినడానికి వచ్చారు.

లామా తాత గంట మోగించి, ఎక్కడ పుట్టింది అన్నాడు. సంచమాన్ చెప్పాడు. ఎక్కడికి కోడలిగా వెళ్లింది అన్నాడు. చెప్పాడు. ఆ రెండు చోట్ల నుంచీ తాత పిలిచాడు.

"ఇంకా ఎక్కడ ఉంది?"

"నా ఇంట్లో ఉంది," అన్నాడు సంచమాన్.

తాత ఆ ఇంటి నుంచి పిలిచాడు. గంట ఆపాడు. సంచమాన్ మొహంలోకి చూశాడు. ఆయనకు కళ్లు సరిగ్గా ఆనవు, అయినా చూశాడు.

"అంతేనా నాయనా? అంతే అంటే ఇక్కడితో పిలుపు మూసేస్తాను. తర్వాత తెరవడం నా చేత కాదు."

సంచమాన్ కండువా ఒళ్లో పెట్టుకున్నాడు. తన ఇంటి వైపు, తన పిల్లలు కూర్చున్న వైపు చూశాడు.

"బలేఫీ బస్సు ఆగేచోటు," అన్నాడు.

తాత బలేఫీ నుంచి పిలిచాడు.

"ఖాట్మండు, గోంగబూ బస్టాండు వెనక లాడ్జి. సునౌలీ, సరిహద్దు దాటే చోటు. గోరఖ్‌పూర్ స్టేషన్. ఢిల్లీ, పహాడ్‌గంజ్‌లో మేడ మీద గది. అక్కడ చాలా రోజులు ఉంచాను. కిటికీ లేదు దానికి."

తాత ఒక్కొక్కటే తిరిగి పలుకుతూ, రా తల్లీ, అక్కడుండకు, ఇటు రా అని పిలుస్తున్నాడు. సంచమాన్ ఆగలేదు. ముంబై చెప్పాడు. విమానం దిగిన చోటు చెప్పాడు. ఏజెంటు ఆడవాళ్లను వరసగా కూర్చోబెట్టే హాలు చెప్పాడు. జహ్రా చెప్పాడు, వీధి చెప్పాడు, ఇంటి యజమాని పేరు చెప్పాడు, కిటికీ ఏ వైపుందో చెప్పాడు. గుర్తున్న ఒక్క మలుపూ దాచలేదు. చెల్లెలు తన ఇంటికి ఆకలితో రాకుండా ఉండాలి కదా. బతికున్న మనిషి అడిగితే గ్యాస్ బండ చూపించాడు.

జహ్రా దగ్గర అతను ఆగాడు. అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి బుద్ధిమాయా గొంతు వినిపించింది.

"తాతా, ఫర్వానియా కూడా పిలువు. అక్కడ ఆసుపత్రి వరండాలో పడుకోబెట్టారు దాన్ని. నేను చూడ్డానికి వెళ్లాను."

ఇంకొకామె, రాయబార కార్యాలయం వెనక రేకుల షెడ్డు అంది. ఇంకొకామె, ఢిల్లీలో ఆ గదికి ముందు ఇంకో గది ఉందని, మీరు మర్చిపోయారని సంచమాన్‌కే గుర్తుచేసింది. దారంతా వాళ్లకు తెలుసు. ఊరు ఊరంతా కలిసి నా భార్యను కువైట్ నుంచి తీసుకొచ్చింది. అప్పటికి ఆమె బూడిద అయిపోయింది.

అన్నాలయ్యాక సంచమాన్ నా దగ్గరికి వచ్చాడు. ఏడ్చి కళ్లు వాచాయి. "బావా, రేపే పాలికకు వెళ్దాం. మేడమ్ దగ్గర అన్నీ చెబుతాను. ఏమైతే అదవుతుంది."

"ఎవరికోసం?" అన్నాను.

నేను ఎంగిలాకులు ఎత్తడానికి వెళ్లాను. అతను ఒక్కడే వెళ్లి చెప్పాడో, చెప్పలేదో నాకు తెలియదు. కనుక్కోలేదు. నా గడప అతను తొక్కకూడదు, అతని పిల్లలు తొక్కకూడదు. నేను పోయాక నా ఘేవాకు కూడా రాకూడదని లామా తాతకు చెప్పి ఉంచాను.

చలి తగ్గాక రశ్మిలా మేడమ్ వచ్చింది. వెంట ఎవరూ లేరు. మా వార్డు లెక్క తప్పని తనకు రూఢి అయిందని చెప్పింది. ఈసారి ఆడవాళ్లను ఆడవాళ్లే, మగవాళ్లు లేనప్పుడు అడుగుతారట. పర్మిట్ లేకపోయినా, సరిహద్దు దాటి వెళ్లినా రాసుకుంటారట. చౌతారాలో పెద్ద సభ ఉంది, ఖాట్మండు నుంచి అధికారులు వస్తారు, మీరు వచ్చి మీ ఆవిడ సంగతి మీ నోటితో చెప్పండి అంది. మీరు చెబితే నియమం మారుతుంది, బుద్ధిమాయా అక్క లాంటివాళ్లకు మేలు జరుగుతుంది అంది. మంచి మాటలే. అంతా నిజమే కావచ్చు. సభలో పలక మూసిన చేతులు కూడా అవే.

నేను వాకిట్లో రాగులు చెరుగుతున్నాను. ఆపలేదు. ఆమె చాలాసేపు కూర్చుంది. మంచినీళ్లు అడిగితే ఇచ్చాను. చివరికి, ఏమైనా చెప్పండి అన్నగారూ అంది.

"చెప్పాల్సినప్పుడు చెప్పాను. ఇంటికి పొండి," అన్నాను.

ఆమె లేచి వెళ్లింది. జరిగింది ఇది. ఇక ఏ ఆఫీసువాడు వచ్చినా, ఏ చుట్టం వచ్చినా, ఊరంతా వచ్చి కాళ్లు పట్టుకున్నా ఈ సంగతి నా నోట రాదు.